పీతకు కనురెప్పలు వేసినవాడు

బొమ్మల భయ్యా పోయాడని డిగ్లీపూర్ నుంచి ఫోన్ వచ్చింది. "అయ్యో" అన్నాను, "ఎప్పుడు?" అన్నాను, వివరాలన్నీ బుద్ధిగా అడిగి ఫోన్ పెట్టేశాను. ఆ తర్వాత పకపకా నవ్వాను. మా ఆయన పేపర్ దించి నా వంక చూశారు. "మనిషి పోయాడని చెబితే ఆ నవ్వేమిటే?" అన్నారు. పోయింది ఎవరో చెప్పాను. ఆయన పెద్దమనిషిలా ముఖం బిగించుకుని ఓ రెండు నిమిషాలు కూర్చున్నారు. ఇక ఆగలేకపోయారు. ముందు భుజాలు కదిలాయి, తర్వాత పొట్ట, చివరికి చేతిలో పేపర్ కూడా. ఇద్దరం కళ్ళు తుడుచుకుంటూ చాలాసేపు నవ్వాం. ఏడుపు కూడా అందులోనే ఎక్కడో కలిసిపోయింది.

అతని అసలు పేరు నాకు తెలుసు. రాయను. రాసినా లాభం లేదు, పోర్ట్ బ్లెయిర్‌లో ఆ పేరు చెప్పి అడిగితే "ఎవరాయన?" అనేవారు. గోడల మీద ప్రకటనల బొమ్మలు వేసేవాడు కాబట్టి ఊరందరికీ బొమ్మల భయ్యా. వాళ్ళ నాన్న కూడా మా నాన్నలాగే శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చినవాడు. నేను అప్పట్లో అబర్డీన్ బజారులో ఒక ఏజెంటు దగ్గర టైపిస్టును. ఏజెంటును అందరం సేఠ్ అనేవాళ్ళం. మద్రాసు కంపెనీ ఒకటి బట్టల సబ్బు, పళ్ళపొడి, టీ పొడి తయారుచేసి ఓడలో పంపితే దీవుల్లో దుకాణాలకు సరఫరా చేసేది మా సేఠే. సరుకుతోపాటు కంపెనీ మూడు చిన్న బొమ్మకాగితాలు పంపేది. సబ్బుకు ముందుకాళ్ళతో చొక్కా ఉతికే ఎర్ర పీత. పళ్ళపొడికి పళ్ళన్నీ బయటపెట్టి నవ్వే మొసలి. టీ పొడికి తొండంతో కప్పు ఎత్తి పట్టుకున్న ఏనుగు. వాటిని చూసి గోడంత చేసి వెయ్యడం బొమ్మల భయ్యా పని.

సన్నగా, పొడుగ్గా, తన నిచ్చెనకు తోబుట్టువులా ఉండేవాడు. చెవుల మీద వెంట్రుకలకు ఎప్పుడూ ఏదో ఒక రంగు అంటుకుని ఉండేది. ఏ వారం ఏ బొమ్మ వేస్తున్నాడో ఆ చెవులు చూసి చెప్పేదాన్ని. నిచ్చెన పై మెట్టుకు గడ్డం గీసుకునే అద్దం ఒకటి కట్టుకునేవాడు. బొమ్మ ముఖం వెయ్యాల్సి వచ్చినప్పుడు ముందు ఆ ముఖం తాను పెట్టేవాడు. పీత వేసే రోజున బుగ్గలు పూరించి, కనుగుడ్లు పైకి తేల్చి, రెండు చేతులూ చెవుల పక్కన ఆడిస్తూ అద్దంలో చూసుకునేవాడు. కింద జనం పోగయ్యేవారు. అతనికి జనం ఉన్నారన్న ధ్యాసే ఉండేది కాదు. మొసలి వేసే రోజున మాత్రం ఆ దారిన నేను వెళ్ళేదాన్ని కాదు. ఒకసారి వెళ్ళి, ఆ పళ్ళు చూసి, ఆఫీసుకొచ్చి మద్రాసుకు టైపు చేసిన ఉత్తరంలో ఏడు తప్పులు కొట్టాను.

కంపెనీ కాగితాన్ని ఉన్నదున్నట్టు దించడం అతనివల్ల అయ్యేది కాదు. టీ ఏనుగు కాలికి గొలుసు వేసి, పక్కన ఓ పెద్ద దుంగ పడేశాడు. మా దీవుల్లో ఏనుగులు అడవిలో దుంగలు లాగే ఉద్యోగస్తులు కదా. "ఈ దుంగ కాగితంలో లేదు భయ్యా" అన్నాను. "టీ ఎప్పుడు తాగుతాం దీదీ? పని మద్దెలోనే కదా. దుంగ నేకపోతే అది ఏ పని మానుకోని టీ తాగుతున్నట్టు?" అన్నాడు. మొసలి సంగతి ఇంకా తమాషా. ఉప్పువాగు పక్కన ఉండే ఒకావిడ వచ్చి మొరపెట్టుకుంది. ఆ బొమ్మను చూసిన దగ్గర్నుంచి పిల్లలు మొసలి మంచిదనుకుంటున్నారట, నీళ్ళ దగ్గరికి పోవద్దంటే నవ్వుతున్నారట. మర్నాటికి మొసలి ముందు, నోట్లో వేలుతో పళ్ళు తోముకుంటూనే పంచె ఎగ్గట్టి పరుగెత్తే మనిషి ఒకడు వెలిశాడు. ఆ తర్వాత ఏ పిల్లాడూ వాగు దగ్గరికి పోలేదని ఆవిడే చెప్పింది.

ఇక పీత సంగతి. అసలు కథంతా అక్కడే ఉంది.

మా దీవుల్లో వస్తువంటే ఓడ. ఓడ వస్తే అన్నీ ఉంటాయి, రాకపోతే గోడ మీద బొమ్మ ఒక్కటే ఉంటుంది. ఒక ఏడాది గాలివానలకు ఓడ రాక సబ్బులన్నీ అయిపోయాయి. తుష్నాబాద్ అనే ఊళ్ళో మా శ్రీకాకుళం వైపు మామ్మ ఒకావిడ ఉండేది, నోరు పెద్దది, మనసు అంతకంటే పెద్దది. దూరాన్నుంచి గోడ మీద పీత నవ్వడం చూసి, సబ్బు వచ్చిందనుకుని, మురికి బట్టల మూటతో సహా బురదలో నడుచుకుంటూ దుకాణానికి వచ్చింది. సబ్బు లేదన్నారు. మామ్మ బయటికొచ్చి, గొడుగు మడిచి, పీత ముఖాన నాలుగు వాయించింది.

"ఓలమ్మ ఓలమ్మ! సబ్బు నేదు గానీ నవ్వొకటా నీకు? ఏటి సూసి నవ్వుతున్నావే, నా మూట సూసా?"

అదే గోడకు రెండో పక్కన బొమ్మల భయ్యా నిచ్చెన మీద ఉన్నాడు. మర్నాడు మా ఆఫీసుకొచ్చి స్టూలు మీద కూలబడ్డాడు. "నా బొమ్మ అబద్దమాడింది దీదీ. దెబ్బలు నాకు పడాల, దానికి పడ్డాయి" అన్నాడు. ఆ ముఖం చూస్తే నవ్వాలో ఓదార్చాలో తెలియలేదు. టీ తెప్పించాను.

ఆ వారమే బస్సులో వెళ్ళి జాజు గంజిలో కలిపి పీత రెండు కళ్ళకూ రెప్పలు వేశాడు. పీత హాయిగా నిద్రపోయింది. సబ్బు వచ్చిన రోజున తడిగుడ్డతో తుడిస్తే రెప్పలు పోయి కింద పాత కళ్ళు తేలాలని ఆలోచన. ఆలోచన బాగానే ఉంది, కానీ మా దీవుల వానను లెక్కలో వేసుకోలేదు. మూడో రోజు కురిసిన వానకు రెప్పలు కొట్టుకుపోయి పీత కళ్ళు తెరిచింది. అది చూసి తుష్నాబాద్ ఆడవాళ్ళందరూ వానలోనే మూటలతో పరుగెత్తుకొచ్చారు. మామ్మ మళ్ళీ గొడుగు మడిచింది. ఈసారి పీతను వదిలేసి భయ్యా కోసం వెతికింది.

అప్పటినుంచి రంగులో ఏదో చెట్టు బంక కలిపేవాడు. అది వానకు ఊడేది కాదు. వేడినీళ్ళు పోసి కొబ్బరిపీచుతో రుద్దితే మాత్రం వచ్చేది. తొమ్మిది ఊళ్ళలో తొమ్మిది పీతలు. సరుకు అయిపోయిందని కబురందగానే డబ్బా పట్టుకుని వెళ్ళి నిద్రపుచ్చేవాడు, ఓడ దిగగానే వెళ్ళి లేపేవాడు. డిగ్లీపూర్ పీతను లేపడానికి పడవలో వెళ్ళాలి. వాంతులతో సొమ్మసిల్లిన ప్రయాణికుల మధ్య కూర్చుని దారిపొడుగునా మొసలి ముఖం పెట్టి పసిపిల్లల్ని ఆడిస్తూ పోయేవాడని చూసినవాళ్ళు చెప్పేవారు.

జనం ఈ పద్ధతికి ఎంతగా అలవాటుపడ్డారంటే, తుష్నాబాద్ బస్సు కండక్టరు దుకాణం కనబడగానే "పీత జాగ్ గయా!" అనో "సో రహా హై, సో రహా హై, కోయీ మత్ ఉతర్నా" అనో, అంటే లేచిందనో, పడుకుంది ఎవరూ దిగొద్దనో, కేకేసేవాడు. చదువు రానివాళ్ళకూ, ఏ భాషవాళ్ళకైనా ఆ కళ్ళు చాలు. ఇళ్ళలో మురికి చొక్కా తొడుక్కున్న మగవాడు "ఏం చెయ్యను, పీత పడుకుంది" అంటే పెళ్ళాం కూడా ఊరుకునేది. స్కూల్లో సైన్సు చెప్పే కుర్ర మాస్టారు ఒకాయన మాత్రం నిచ్చెన కింద నిలబడి, "పీతకు కనురెప్పలు ఉండవయ్యా, పిల్లలు పరీక్షలో తప్పు రాస్తున్నారు" అని ఆక్షేపించాడు. భయ్యా పైనుంచి మర్యాదగా అడిగాడు, "పీత బట్టలుతుకుతాదా మాస్టారూ?" ఇప్పుడు పేపర్ పట్టుకుని నవ్వుతున్నది ఆ మాస్టారే. ఆ రోజున సేఠ్ చీటీ ఒకటి భయ్యాకు ఇవ్వడానికి వెళ్ళి, ఆయన ముఖం మాడిపోవడం చూసి నేను నవ్వాను. అదే మా పరిచయం.

ఇలా నాలుగైదేళ్ళు నడిచింది. ఒకరోజు మద్రాసు నుంచి ఉత్తరం వచ్చింది. కంపెనీ ఆఫీసరు ఒకాయన కెమెరాతో విమానంలో వస్తున్నాడు. దీవుల్లో గోడబొమ్మలు సరిగా ఉన్నాయో లేదో చూస్తాడు. సరిగా లేకపోతే వాటిమీద సున్నం కొట్టించి, మద్రాసులో అచ్చువేసిన రేకు బోర్డులు పంపిస్తాడు. ఆ ఉత్తరం సేఠ్‌కు చదివి వినిపిస్తూ, ఆఫీసరు వచ్చే తారీఖు రెండుసార్లు చదివాను. ఎందుకంటే సబ్బు ఎక్కాల్సిన ఓడ మరమ్మతుకు పోయి మద్రాసులోనే ఆగి ఉంది. మా తొమ్మిది పీతలూ గాఢనిద్రలో ఉన్నాయి.

సేఠ్ భయ్యాను పిలిపించాడు. "దేఖో భయ్యా, ఆఫీసరు వచ్చే లోపల అన్ని పీతల కళ్ళూ తెరిచెయ్. ఆయన వెళ్ళాక నీ ఇష్టం" అన్నాడు.

"సబ్బు వచ్చినాదా సేఠ్‌జీ?"

"సబ్బు గురించి నిన్ను అడిగానా? కళ్ళు తెరువు. లేకపోతే రేకు బోర్డులు వస్తాయి, నీ నిచ్చెన నువ్వు ఇంటికి పట్టుకుపోవాలి. సమఝ్ గయే?"

భయ్యా తల అడ్డంగా ఊపాడు. "దుకాణం ఆయన అబద్దమాడుకోనీండి, కంపెనీ ఆడుకోనీండి. బొమ్మ ఆడకూడదు సేఠ్‌జీ. దానికి మళ్ళీ వచ్చి మాట దిద్దుకునే నోరు నేదు" అన్నాడు. లేచి వెళ్ళిపోయాడు.

నేను వెనకాలే పరుగెత్తి మెట్ల దగ్గర పట్టుకున్నాను. నాలుగు రోజులే కదా, ఎవరికి నష్టం అని బతిమాలాను. పని పోతే ఏం చేస్తావన్నాను. "ఇళ్ళకి రంగులేస్తాను" అన్నాడు. రెండు మెట్లు దిగి వెనక్కి తిరిగాడు. "ఇల్లు నవ్వదు కదా దీదీ" అన్నాడు. ఎప్పుడూ ఎవరి ముఖమో పెట్టుకుని తిరిగే మనిషి, ఆ రోజు మొట్టమొదటిసారి తన ముఖంతో కనబడ్డాడు. నాకు చెప్పలేనంత బాధేసింది. కోపం కూడా వచ్చింది. ఇంత మొండివాడేమిటి, ఓ గోడ మీది పీత కోసం కూడు పోగొట్టుకుంటాడా అని ఇంటికెళ్ళి అన్నం తినకుండా పడుకున్నాను.

ఆఫీసరు వచ్చాడు. ఇస్త్రీ చెదరని తెల్ల చొక్కా, మెడలో కెమెరా. హిందీ రాదు, తెలుగు రాదు, ఇంగ్లీషు మాట్లాడతాడు. అందుకని నన్ను కూడా జీపులో ఎక్కించారు. ఆ రోజు తిరిగి రాలేకపోతే తుష్నాబాద్‌లోనే ఆగిపోదామని ఆయన బట్టల సంచీ కూడా వెంట తెచ్చుకున్నాడు. దారంతా సేఠ్ తుష్నాబాద్ అందాలు వర్ణిస్తూ వచ్చాడు, బొమ్మ ఊసు ఎత్తలేదు. చివరి నిమిషంలో భయ్యా మనసు మార్చుకుని ఉంటాడని ఆయన ఆశ. నా ఆశ కూడా అదే.

జీపు ఆగింది. గోడ మీద పీత, గోడంత రెప్పలు వాల్చుకుని, చొక్కా ఒడిలో పెట్టుకుని నిద్రపోతోంది. పక్కన నిచ్చెన. నిచ్చెన కింద భయ్యా, చేతులు కట్టుకుని.

ఆఫీసరు కెమెరా ఎత్తాడు, దించాడు. "మా సబ్బు వాడితే నిద్ర వస్తుందని చెబుతున్నారా?" అని ఇంగ్లీషులో అడిగాడు. నేను దాన్ని కొంచెం మెత్తబరిచి తెలుగులో చెప్పాను. భయ్యా జరిగింది జరిగినట్టు చెప్పాడు. నేను దాన్ని మెత్తబరచకుండా ఇంగ్లీషులో చెప్పాను. ఆఫీసరు నమ్మలేదు. దుకాణంలోకి వెళ్ళి చూశాడు. మా సబ్బు లేదు. వేరే ఓడలో వచ్చిన ఇంకో కంపెనీ సబ్బు మాత్రం గుట్టగా పేర్చి ఉంది. దుకాణం తలుపు మీద వాళ్ళ రేకు బోర్డు, దాని మీద పళ్ళికిలించే పిల్లి.

గొడవ విని అప్పటికే ఆడవాళ్ళు చేరారు. ముందు మన మామ్మే. "ఇంకో సబ్బు ఉంది కదా, ఎందుకు కొనలేదు?" అని ఆఫీసరు అడిగించాడు.

"ఆ పిల్లిదా? అది సరుకున్నా నవ్వుతాది, నేకపోయినా నవ్వుతాది, మా మావ పోయిన నాడు కూడా అలాగే నవ్వింది. దాని మాట ఎవులు నమ్ముతారు బాబూ? పీత అలాక్కాదు. లేస్తే లేసినాననే సెప్తాది. అది లేసేదాకా ఉంటాం."

"అంతవరకూ బట్టలెలా ఉతుకుతారు?"

"బండకేసి బాదుతాం, నిన్ను తిడతాం."

రెండోది నేను చెప్పలేదు. కానీ ఆఫీసరు ఆడవాళ్ళ నవ్వు చూసి అర్థం చేసుకున్నాడు. ఆయన మూతి కూడా కొంచెం వంకరపోయింది. సరే, మా పెద్దలకు చూపించాలి, ఒక్క ఫోటోకి కళ్ళు తెరవమని చెప్పండి, వెంటనే మళ్ళీ మూసుకోవచ్చు అన్నాడు. సేఠ్ రెండు చేతులూ జోడించి భయ్యా వంక చూశాడు. నేనూ కళ్ళతోనే బతిమాలాను. ఈ ఒక్క మాట వింటే చాలు, తొమ్మిది గోడలూ దక్కుతాయి.

భయ్యా సేఠ్ వంక, నా వంక చూశాడు. చేతులు మాత్రం కట్టుకునే ఉన్నాడు. "దుకాణంలో సబ్బు ఉంటే తెరుస్తాను సాబ్. నేకపోతే నావల్ల అవదు. ఏటనుకోకండి" అన్నాడు.

నేను ఆ మాట ఇంగ్లీషులో చెప్పేసి తల దించుకున్నాను. ఆఫీసరు జీపు దగ్గరికి నడిచాడు. అయిపోయిందనుకున్నాను. ఆయన సంచీ విప్పి, తువ్వాలు తీసి, కింద నుంచి ఓ రేకు డబ్బా బయటికి లాగాడు. మూత తీశాడు. లోపల మా సబ్బే! గెస్టుహౌసులో ఆ తెల్ల చొక్కా ఉతుక్కునే సబ్బు, సగం అరిగి ఉంది. తెచ్చి దుకాణం బల్లమీద పెట్టాడు.

భయ్యా దాన్ని తీసి వాసన చూశాడు. బొటనవేలితో కొలిచాడు. బల్లమీద పెట్టి, పక్క టీకొట్టులో వేడినీళ్ళు అడిగి, నిచ్చెన ఎక్కాడు. అద్దంలో చూసుకుంటూ ఒక కన్ను మూసి రెండో కంటి గుడ్డు పైకి తేల్చాడు. కింద మామ్మ కూడా అలాగే పెట్టింది. ఆమెను చూసి మిగతావాళ్ళూ. కొబ్బరిపీచుతో రుద్ది పీత కుడికన్ను తెరిచి కిందికి దిగాడు.

"రెండోదో?" అన్నాడు సేఠ్.

"సగం సబ్బే కదా సేఠ్‌జీ" అన్నాడు భయ్యా.

ఆఫీసరు కెమెరా పట్టుకుని నవ్వుతుంటే చెయ్యి కుదురుగా నిలవలేదు. నాలుగు ఫోటోలు తీశాడు, నాలుగూ కదిలిపోయే ఉంటాయి. సరిగ్గా అప్పుడే బస్సు వచ్చింది. కండక్టరు మెట్టు మీద వేలాడుతూ గోడ చూసి, ఇలాంటిది ఎప్పుడూ చూడలేదు కాబట్టి, ఏమని అరవాలో తెలియక "ఏక్ ఆంఖ్! ఏక్ ఆంఖ్ ఖోలా హై!" అని, ఒక కన్నే తెరిచిందని గావుకేక పెట్టాడు. బస్సు సగం ఖాళీ అయింది. వాళ్ళు దుకాణం చేరే లోపల మామ్మ ఆ సగం సబ్బు అందుకుని చెంగున ముడేసుకుంది. దుకాణదారు ఆఫీసరు వంక బిక్కముఖంతో చూశాడు. "కన్ను తెరిచినాక అమ్మాల. అంతే" అంది మామ్మ. నేను చెప్పాను. ఆఫీసరు తలూపాడు. ఆ సాయంత్రం నుంచి ఆయన చొక్కా ఎలా ఉతుక్కున్నాడో నాకు తెలియదు.

సేఠ్ ముఖంలో నెత్తురు తిరిగొచ్చింది. ఆఫీసరును గబగబా జీపెక్కించాడు. నేనూ ఎక్కబోతుంటే భయ్యా రంగు డబ్బా తీసుకుని మళ్ళీ నిచ్చెన ఎక్కుతున్నాడు.

"అరె, క్యా కర్ రహే హో?" సేఠ్ పళ్ళు బిగించి అన్నాడు. "సాబ్ మలుపు తిరిగేదాకా అయినా ఆగు!"

"మామ్మ పట్టుకుపోయింది కదా సేఠ్‌జీ. ఎనకాల బస్సులో వచ్చేవోళ్ళు పాపం దిగిపోతారు" అన్నాడు భయ్యా, పీత కుడికంటికి రెప్ప వేస్తూ.

ఏమంటున్నాడని ఆఫీసరు అడిగాడు. చెప్పాను. ఒక్క మాట వదలకుండా చెప్పాను. ఏళ్ళ తరబడి ఆ కంపెనీకి ఉత్తరాలు టైపు చేశాను, అంత నిజమైన సంగతి ఒక్కటి కూడా కొట్టలేదు. ఆఫీసరు జీపులోంచి వంగి ఆ నిచ్చెనను చూస్తూ ఉండిపోయాడు. చివరికి సేఠ్‌తో, "రేకు బోర్డులు వద్దు. గోడలన్నీ ఈయనకే ఉంచండి, ఆయన చెప్పినట్టే మీరు నడుచుకోండి" అన్నాడు.

నేను దిగి నిచ్చెన దగ్గరికి పరుగెత్తాను. అక్కడే గెంతాలనిపించింది, చీర కట్టుకున్నానని ఊరుకున్నాను. "భయ్యా! గోడలు నీకే! రేకు బోర్డులు రావు! అన్నీ నీకే వదిలేశాడు!"

అతను బ్రష్ ఆపి కిందికి చూశాడు. పీత రెండు కళ్ళూ మూసుకుని మళ్ళీ నిద్రలోకి పోయింది. భయ్యా వంగి, దాన్ని లేపేస్తానేమోనన్నట్టు వేలు పెదాలమీద పెట్టుకుని, మెల్లగా అడిగాడు.

"అదొగ్గేయ్ దీదీ. ఓడ ఎప్పుడొస్తాదో అడిగినావా?"